పాత మెటాడోర్‌కి బ్రేకులు మార్చాం: ఏమేం విప్పాలి, ఏవి కొత్తవే వేయాలి (వీడియోతో)

ఈసారి వీడియోలో పంట లేదు, ఆవు లేదు. మా పాత మెటాడోర్ వ్యాన్‌ని దిమ్మల మీద నిలబెట్టి, నాలుగు చక్రాలూ ఊడదీసి, బ్రేకుల సామానంతా మార్చిన రెండు రోజుల పని అది. "ప్రకృతి వ్యవసాయానికీ దీనికీ ఏం సంబంధం?" అని అడిగేవాళ్లు ఉంటారు. మందు చుక్క వేయకుండా ఎంత బాగా పండించినా ఆ పంట కొండ దిగి పట్నం సంతకి రావాలంటే ఒక బండి కావాలి. మనలో చాలామంది దగ్గర ఉన్నది పాత బండే. అది కూడా ఏడాదిలో సగం రోజులు షెడ్డులో పడి ఉండే బండి. అందుకే ఇది మన సంగతే.

మెటాడోర్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు గానీ, నలభై దాటినవాళ్లందరికీ తెలుసు. పెళ్లివారి వ్యాను, స్కూలు వ్యాను, పాల వ్యాను, అంబులెన్సు, ఏదైనా ఒకప్పుడు మెటాడోరే. వేరే కంపెనీ వ్యాన్‌ని చూసినా మా ఊళ్లో మెటాడోర్ అనే పిలిచేవారు. చేసింది బజాజ్ టెంపో. ఆ కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారింది. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, విడిభాగాలు వెతికేటప్పుడు రెండు పేర్లూ చెప్పి అడగాలి. పాత స్టాకు ఉన్న షాపువాళ్లకి పాత పేరుతోనే గుర్తు.

మా వ్యాన్ లోపల రెండు సీట్ల వరస ఉంచి, వెనక ఒక మడత మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా, కెమెరాల కోసం ఒక బ్యాటరీ పెట్టాం. పాడేరు వైపు కొండ మీద ఊళ్లకి వెళ్లినప్పుడు రాత్రి అందులోనే పడుకుని, తెల్లారి పొలంలో షూటింగ్ చేసుకుని, రైతుల దగ్గర రాజ్మా, సామలు, రాగులు ఎక్కించుకుని దిగుతాం. దిగేటప్పుడు ఒకరిద్దరు రైతులు కూడా ఆదివారం విశాఖలో అమ్ముకోవడానికి మాతోనే వస్తారు. అంటే ఘాట్ రోడ్డు మీద ఆ బ్రేకులు మోసేది బస్తాలనే కాదు.

వానలు మొదలైన దగ్గర్నించి కార్తీకం దాకా బండి షెడ్డులోనే ఉంది. సీజన్ మొదలయ్యే ముందు బయటికి తీసి చూస్తే వెనక ఎడమ చక్రం లోపలి వైపు టైరు మీద తడి మరక. వేలితో తాకితే జారుడుగా ఉంది, నీళ్లతో కడిగితే పోయింది. గేర్ ఆయిలో, గ్రీజో అయితే నీళ్లకి పోదు, బ్రేక్ ఆయిల్ పోతుంది. పెడల్ తొక్కి పట్టుకుంటే అర నిమిషంలో మెల్లగా కిందికి దిగిపోతోంది.

బండి నడిపేది మా బావ. శుక్రవారం కొండెక్కి శనివారం దిగాలి. పైన రాజ్మా బస్తాలు కట్టి పెట్టి ఉన్నాయి. మనం వెళ్లకపోతే ఊళ్లోకి వచ్చే షావుకారు అడిగిన ధరకి ఇచ్చేస్తారు. వాళ్లకీ డబ్బు అవసరం కదా, తప్పు పట్టలేం. బావ అన్నాడు, "ఏటి బావా, ఆయిల్ పోసీసి ఎల్లిపోదుం. మెల్లగా దిగుతాను కదా, ఏటవుతాది?" నేను ఒప్పుకోలేదు. వేరే పికప్ బండి కిరాయికి మాట్లాడి సరుకు దింపించాం. ఆ ట్రిప్పులో మాకు మిగిలింది ఏమీ లేదు, కిరాయికే సరిపోయింది. అయినా అదే సరైన లెక్క అని ఇప్పటికీ అంటాను. ఎందుకో కింద రాస్తున్నాను.

"మెల్లగా దిగుతాం" అన్న మాటలో చిన్న మోసం ఉంది. వేగం తగ్గిస్తే ఒక్కసారి ఆగడానికి కావాల్సిన బలం తగ్గుతుంది, నిజమే. రెట్టింపు వేగానికి నాలుగు రెట్ల శక్తి అని చదువుకున్నాం. కానీ ఘాట్‌లో దిగిన ఎత్తు మాత్రం మెల్లగా వెళ్లినా, గబగబా వెళ్లినా అంతే. బండి, బస్తాలు, మనుషులు కలిపి రెండున్నర టన్నులు అనుకోండి. 800 మీటర్లు కిందికి దిగితే వచ్చే శక్తి ఐదు యూనిట్ల కరెంటు కన్నా ఎక్కువ. అంటే అరవై లీటర్లకు పైగా నీళ్లని మరిగించే వేడి. అందులో కొంత గాలి తీసుకుంటుంది. చిన్న గేర్‌లో ఉంటే ఇంజన్ చాలా తీసుకుంటుంది. మిగిలినదంతా ఆ నాలుగు ఇనుప డ్రమ్ముల్లోకే పోవాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనర్‌కి దూరమవుతుంది, పెడల్ లోపలికి పోతుంది. ఆ వేడి సిలిండర్‌కి చేరి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. అప్పుడు పెడల్ నేలకి ఆనినా బండి ఆగదు.

ఇక్కడే నిలవ ఉన్న బండి సంగతి వస్తుంది. తిరగని బండి అరగదని మన లెక్క. లైనర్‌కి ఆ లెక్క సరిపోతుంది. బ్రేక్ ఆయిల్‌కీ రబ్బరుకీ సరిపోదు. డాట్ 3, డాట్ 4 అని దొరికే ఆయిల్ గ్లైకాల్ రకం, గాల్లో తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత తీసిన ఉప్పు జాడీని గుర్తు తెచ్చుకోండి. మూత బిగించి ఉన్నా హోస్ పైపు రబ్బరు గోడల్లోంచి కొంచెం కొంచెంగా తేమ పోతూనే ఉంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక కొలిచే ప్రమాణం 140 డిగ్రీలే. డాట్ 4కి అయితే 230, 155. చూశారా, నూటికి నాలుగు పాళ్లు కూడా లేని నీరు ఎంత పని చేస్తుందో. ఆ నీరే చక్రాల దగ్గరున్న పోత ఇనుము సిలిండర్ లోపలి గోడని తుప్పు పట్టించి గుంటలు చేస్తుంది. ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో ఆ గుంటల మీదుగా రబ్బరు వాషరు జరిగినప్పుడల్లా దాని అంచు కోసుకుపోతుంది. కారడం అక్కడ మొదలవుతుంది.

మన బండ్లకి ఇంకో బాధ ఉంది. జీవామృతం డ్రమ్ములు, గోమూత్రం క్యాన్లు ఇందులోనే తీసుకెళ్తాం. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటే రెండు క్వింటాళ్లు. నిండా లేకపోతే బ్రేక్ వేసినప్పుడు లోపల ద్రవం ముందుకి కొడుతుంది, బండి ఇంకాస్త నెడుతుంది. ఒలికితే ఫ్లోరు కింద ఉన్న స్టీలు పైపుల మీద పడుతుంది. గోమూత్రంలో లవణాలున్నాయి, నిలవ ఉంటే అమోనియా వస్తుంది. లవణాలు ఇనుముని తింటాయి, అమోనియా ఇత్తడికి పడదు, సన్నగా పగుళ్లు తెస్తుంది. బ్రేక్ పైపులు కలిసే జాయింట్లు చాలా బండ్లలో ఇత్తడివే. మా బండి కింద పడుకుని చూస్తే డ్రమ్ము పెట్టే చోటికి సరిగ్గా కింద ఉన్న పైపు మీదే ఎక్కువ తుప్పు. వీడియోలో టార్చి వేసి చూపించాను. డ్రమ్ము కింద ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టుకోవడం, ఒలికిన రోజే నీళ్లతో కడిగేయడం ఇప్పుడు మా పద్ధతి.

సరే, పనిలోకి వద్దాం. ఇది పూర్తిగా సొంతంగా చేసుకోమని చెప్పడం లేదు. మేం ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా పాత డీజిల్ బండ్లు చేస్తున్న మేస్త్రీ గారిని ఊరికి తీసుకొచ్చి, ఆయన చెప్తుంటే చేశాం. మీరు చేతులు పెట్టకపోయినా పక్కన నిలబడి ఏం మారుస్తున్నారో తెలుసుకోండి. విత్తనం కొనేటప్పుడు ఎన్ని ప్రశ్నలు అడుగుతామో ఇక్కడా అన్ని అడగాలి.

మొదట నేల. గట్టి, చదును నేల కావాలి. ఎత్తని చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. జాకీతో ఎత్తి, గట్టి స్టాండు మీదో, నిలకడైన మందపాటి చెక్క దిమ్మల మీదో దించాలి. ఒక్క జాకీని నమ్మి బండి కింద పడుకోవద్దు, ఇటుకలు అసలే వద్దు, పగిలిపోతాయి. బ్లీడింగ్ స్క్రూలకి, పైపు నట్లకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేశాం. అయినా ఒక స్క్రూ విరిగింది. కొత్త సిలిండర్ ఎలాగూ వేస్తున్నాం కాబట్టి ఇబ్బంది పడలేదు.

డ్రమ్ము రాకపోతే కొట్టడం మొదలుపెట్టొద్దు. అరిగిన డ్రమ్ము అంచున గట్టులాగా ఏర్పడి షూలు దానికి తట్టుకుంటాయి. అడ్జస్టర్ తిప్పి షూలని లోపలికి తగ్గిస్తే సులువుగా వస్తుంది. కొన్ని డ్రమ్ములకి రెండు మర బెజ్జాలు ఉంటాయి, వాటిలో బోల్టులు సమానంగా బిగిస్తే డ్రమ్ము తనంతట తనే బయటికి వస్తుంది.

డ్రమ్ము తీయగానే లోపల నల్లటి పొడి ఉంటుంది. ఈ ఒక్క చోట దయచేసి జాగ్రత్తగా చదవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ లాంటి జబ్బులు తెస్తుంది. చాలా షెడ్డుల్లో చేసే పని ఏంటంటే కంప్రెసర్ గాలితో 'బుస్' మని ఊదేయడం. పక్కనే పిల్లలు నిలబడి చూస్తుంటారు. ముక్కుకి తువ్వాలు కడితే ఆగే ధూళి కాదు అది. సబ్బు నీళ్లు చిలకరించి, తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్‌లో వేసి మూట కట్టేయాలి. మా పాత నాప్‌సాక్ స్ప్రేయర్‌ని మందు కొట్టడం మానేశాక ఇలాంటి పనులకే ఉంచాం. మేస్త్రీ గారు గాలి పైపు అందుకోబోతే మా బావే ఆపాడు. ఆయన నవ్వి, "ఇన్నేళ్లు ఊదీనాను బాబూ, ఇప్పుడేటి" అన్నారు. కానీ మిగతా మూడు చక్రాలకీ నీళ్లే కొట్టారు. కొత్త లైనర్లు అడిగేటప్పుడు 'ఆస్బెస్టాస్ లేనివి' అని గట్టిగా అడగండి. పెట్టె మీద రాసి ఉంటుంది.

వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉన్న రబ్బరు మూతని కొద్దిగా పక్కకి లాగి చూడాలి. లోపల పొడిగా ఉంటే మంచిది, తడి ఉంటే వాషరు అయిపోయినట్టే. మాకు కారుతున్నది ఒక్క చక్రమే గానీ మూత లాగి చూస్తే ఇంకో రెండిటిలో తడి ఉంది. ఇక్కడ రెండు దారులు ఉంటాయి. కిట్ తెచ్చి రబ్బరు వాషర్లు మాత్రం మార్చడం ఒకటి, మొత్తం సిలిండర్ మార్చడం ఇంకొకటి. సిలిండర్ లోపల అద్దంలా నున్నగా ఉంటే కిట్ చాలు. వేలి గోరు ఆనించి చూస్తే గుంట తగిలిందంటే కిట్ వేయడం డబ్బు దండగ, రెండు నెలల్లో మళ్లీ కారుతుంది. మేం నాలుగు చక్రాలకీ కొత్త సిలిండర్లే వేశాం. కనీసం ఒక ఇరుసుకి రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. ఘాట్ మలుపులో ఆ లాగుడు లోయ వైపైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కారిన ఆయిల్ పడిన లైనర్‌ని పెట్రోల్‌తో కడిగి, ఎండబెట్టి, గరుకు కాగితం పట్టి మళ్లీ వేసేవాళ్లున్నారు. లైనర్ ఆయిల్ పీల్చుకుంటుంది. పైకి పొడిగా కనిపించినా వేడెక్కగానే మళ్లీ బయటికి వస్తుంది. పారేయాల్సిందే. మెటాడోర్‌కి షూల జత దొరక్కపోతే మన దగ్గర లైనర్లు రివెట్ చేసి ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి, ఆ పని బాగానే చేస్తారు. చూడాల్సింది రెండు: రివెట్ తల లైనర్ పై భాగం కన్నా బాగా లోపలికి ఉండాలి, లైనర్‌కీ షూకీ మధ్య సందు కనిపించకూడదు. డ్రమ్ముని లేత్ మీద పెట్టించేటప్పుడు దాని మీద గరిష్ఠ వ్యాసం పోత పోసి ఉందేమో చూడండి. అది దాటితే పల్చబడిపోతుంది, వేడికి పగులుతుంది. అలాంటిది మార్చాలి. మా నాలుగిటిలో మూడు పనికొచ్చాయి, ఒకటి పాత సామాను షాపులో వెతికి తెచ్చాం.

ఇక హోస్ పైపులు. నన్నడిగితే పాత బండిలో అందరూ వదిలేసేది ఇదే. పైకి చూస్తే బాగానే ఉంటాయి. లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. పెడల్ తొక్కిన బలానికి ఆయిల్ చక్రం వైపు పోతుంది గానీ, వదిలాక వెనక్కి రాదు. చక్రం పట్టేసి ఉంటుంది, డ్రమ్ము కాలిపోతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. దీన్ని కనిపెట్టడం సులువే. పట్టేసిన చక్రాన్ని ఎత్తి, దాని బ్లీడింగ్ స్క్రూ కొంచెం వదలండి. చక్రం వెంటనే తేలిగ్గా తిరిగితే ఆయిల్ ఒత్తిడి లోపల చిక్కుకుందన్నమాట. ఆ ఒక్క చక్రానికే అయితే హోస్ మీద అనుమానం. అన్ని చక్రాలకీ అయితే మాస్టర్ సిలిండర్ మీద. స్క్రూ వదిలినా తిరగకపోతే షూలో, స్ప్రింగో, హ్యాండ్ బ్రేక్ వైరో పట్టేసింది. హోస్‌ని వంచి చూడండి, సన్నటి పగుళ్లు కనిపించినా మార్చేయండి. విప్పేటప్పుడు సిలిండర్‌నో, షూనో హోస్ మీద వేలాడదీయొద్దు.

స్టీలు పైపు తుప్పు పట్టిన చోట ఫ్రిజ్ మెకానిక్ దగ్గర రాగి ట్యూబు తెచ్చి అతికించే అలవాటు మన వైపు ఉంది. అది చేయొద్దు. మామూలు రాగి అదురుకి గట్టిపడి చిట్లుతుంది. బ్రేక్ పని కోసమే చేసిన స్టీలు పైపు గానీ, రాగి-నికెల్ పైపు గానీ తెచ్చి, చివర్లు డబుల్ ఫ్లేర్ చేయించి వేయాలి. మధ్యలో అతుకు ఉండకూడదు. మేం వెనక ఇరుసుకి వెళ్లే పొడవు పైపు మొత్తం కొత్తది వేసి, డ్రమ్ము పెట్టే చోటు నుంచి పక్కకి జరిపి క్లిప్పులు కొట్టాం.

పెడల్ మెల్లగా దిగిపోవడానికి చక్రం దగ్గర కారడం ఒక కారణం. బయట ఎక్కడా చుక్క కారకుండానే అలా దిగితే మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు పోయిందని అర్థం. మాది రెండూ. మాస్టర్ కూడా కొత్తది వేశాం. వేశాక పెడల్‌కి పైన కొద్దిగా వట్టి ఆట ఉండాలి. ఆ ఆట లేకపోతే ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్న బెజ్జం మూసుకుపోయి ఉంటుంది, కొంత దూరం పోగానే అన్ని చక్రాలూ పట్టేస్తాయి. కొత్త మాస్టర్ వేసిన వారానికే "బ్రేకులు జామ్" అని తిరిగొచ్చే బండ్లలో చాలావాటికి ఇదే జబ్బు అని మేస్త్రీ గారు చెప్పారు.

ఇంకొకటి చూసుకోండి. మీ మాస్టర్ సిలిండర్ ఒకే గదిదా, రెండు గదులదా? ఒకటే అయితే ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు ఉంటే సగమన్నా మిగులుతాయి. అమెరికాలో 1968 నుంచి కార్లకి ఇలా రెండుగా విడదీయడం చట్టంతోనే తప్పనిసరి చేశారు. పాత ఒంటి గది బండ్లు నడిపేవాళ్లు పైపులూ హోసుల విషయంలో "ఇంకో సీజన్ చూద్దాం" అనడానికి వీల్లేదు.

ఆయిల్ గురించి. ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. డాట్ 3, డాట్ 4 ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 మాత్రం సిలికోన్ రకం, వీటితో కలపకూడదు. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, డీజిల్ చుక్క కూడా పడకూడదు, రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. మీ ట్యాంకులో ఏముందో అనుమానం వస్తే ఒక చెంచా తీసి గ్లాసు నీళ్లలో వేయండి. గ్లైకాల్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. తెట్టులా పైకి తేలిందంటే అందులో ఎవరో పెట్రోలియం నూనె పోశారు. అప్పుడు రబ్బరు భాగాలన్నీ మార్చాలి, వేరే దారి లేదు.

ఒక ముచ్చట. వెనకటి రోజుల్లో బ్రేక్ ఆయిల్‌ని ఆముదంతోనే చేసేవారు. ఆముదంలో ఆల్కహాల్ కలిపేవారు. డాట్ 2 అంటే ఆ ఆముదం రకమే. సహజ రబ్బరుని ఆముదం ఉబ్బించదు, అందుకని. ఈ మాట చెప్పగానే మా బావ గానుగ వైపు చూశాడు. వద్దు. ఇప్పటి బండికి ఇప్పటి ఆయిలే. మన సంచీలో ఉన్న ప్రతిదీ అన్నిటికీ మందు కాదు.

సీల్ తీసిన డబ్బా ఆయిల్ దాచుకుని వచ్చే ఏడాది వాడొద్దు, చిన్న డబ్బాలు కొనుక్కోండి. రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోయాలి. తీసిన పాత ఆయిల్‌ని గట్టున పారబోయొద్దు. విషం అది. పశువులకీ కుక్కలకీ అందకుండా మూత ఉన్న డబ్బాలో పోసి, షెడ్డులో పాత ఇంజన్ ఆయిల్ తీసుకెళ్లేవాళ్లకి విడిగా చెప్పి ఇవ్వండి. వానపాముల కోసం ఇంత చేసి, ఈ అర లీటరు నేలలో పోస్తామా?

గాలి తీయడానికి ఇద్దరు మనుషులు, ఒక పారదర్శకమైన సన్న ట్యూబు, ఒక సీసా చాలు. ట్యూబు ఒక కొస బ్లీడింగ్ స్క్రూకి తొడిగి, రెండో కొస కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో మునిగేలా ఉంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవారు స్క్రూ వదలాలి. ఆయిల్, బుడగలు వస్తాయి. స్క్రూ బిగించాకే పెడల్ వదలాలి. ఈ వరస తప్పితే బయటి గాలిని మనమే లోపలికి పీల్చుకున్నట్టు. మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలెట్టి దగ్గరికి రావాలి. స్టీరింగ్ కుడి వైపు ఉండి మాస్టర్ ఆ పక్కనే ఉంటే వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ట్యాంకులో ఆయిల్ ఎప్పుడూ సగానికి తగ్గకూడదు. మా బావ "తొక్కు", "వదులు" అని అరుస్తుంటే వీధిలో పిల్లలంతా చేరారు, ఆ భాగం వీడియోలో కత్తిరించలేదు.

షూలు సరిగ్గా అడ్జస్ట్ చేయకుండా గాలి ఎంత తీసినా పెడల్ పైకి రాదు. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే పెడల్ పైకి వచ్చిందంటే సాధారణంగా షూలు దూరంగా ఉన్నట్టు. స్పాంజీలా మెత్తగా ఉంటే గాలి ఉన్నట్టు. అడ్జస్టర్‌ని చక్రం పట్టేసేదాకా తిప్పి, సన్నగా రాసుకుంటూ తిరిగేంత వెనక్కి వదలాలి. తర్వాత హ్యాండ్ బ్రేక్ వైరు.

అన్నీ బిగించాక పెడల్‌ని గట్టిగా తొక్కి నిమిషం సేపు పట్టుకున్నాం, కొంచెం కూడా దిగలేదు. ఒకరు బండి కింద దూరి ప్రతి జాయింటూ టిష్యూ కాగితంతో తాకి చూశారు. తర్వాత ఖాళీ బండితో ఊరి బయట మట్టి బాట మీద పది, ఇరవై, ముప్పై వేగంలో ఆపి చూశాం. చక్రాల గుర్తులు మట్టిలో రెండు వైపులా సమానంగా పడ్డాయా అని దిగి చూశాం. తారు రోడ్డు కన్నా మట్టి బాటే ఇది బాగా చెప్తుంది. కొత్త లైనర్ డ్రమ్ముకి కుదురుకోవడానికి కొంత సమయం కావాలి కాబట్టి మొదటి వారం మైదానంలోనే, తేలిక బరువులతో తిప్పాం. రోజూ ట్యాంకు మట్టం చూశాం. వారం తర్వాత షూలు ఇంకోసారి బిగించాం.

ఆ తర్వాతే కొండెక్కాం. దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేర్ పడిందో అదే గేర్. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా వేసి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయడం. ఇంజన్ ఆపడం, న్యూట్రల్‌లో దొర్లించడం అసలే లేదు. మధ్యలో ఒక చోట ఆగి నాలుగు డ్రమ్ముల వేడి చూశాం. ముట్టుకోకుండా అర చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే చాలు. ముందు రెండూ ఒకలా, వెనక రెండూ ఒకలా ఉన్నాయి. ఆ పక్క చక్రం ఒక్కటే సెగ కొడితే దాని షూ బిగుసుకుందని అర్థమయ్యేది. వెనక సీటులో కూర్చున్న రైతక్క ఒకామె, "బండి ఆపేసి దండం పెట్టుకుంతన్నారేటి?" అని అడిగింది.

పైన రాజ్మా ఇచ్చే రైతులు ఈసారీ బస్తాలు మాకే ఉంచారు. పికప్ పంపిన వారం వాళ్లకి చెప్పిన ధరకి కొన్నాం కాబట్టి ఆ మాట నిలబడింది.

వీడియోలో డ్రమ్ము తీయడం, హోస్ పరీక్ష, గాలి తీయడం విడివిడిగా పెట్టాను, మీకు కావాల్సిన భాగం చూసుకోండి. మీ బండి మెటాడోర్ కాకపోయినా, పాత జీపు, పాత ట్రాలీ ఆటో ఏదైనా హైడ్రాలిక్ డ్రమ్ము బ్రేకులే అయితే వరస దాదాపు ఇదే. మాది ఈ ఆయిల్ పోసిన తేదీ ట్యాంకు పక్కన పెయింటుతో రాశాం. రెండేళ్లకి, తిరిగినా తిరగకపోయినా, మార్చేస్తాం. వచ్చే వీడియో మళ్లీ పొలంలోనే, పసుపు తవ్వకాలు మొదలవుతున్నాయి.